టీచరమ్మ గుడ్లు మానేసిన సంగతి

హచ్చొళ్ళి,
13-2-2025, గురువారం.

చిరంజీవి సౌభాగ్యవతి చంద్రికకు అత్త నాగలక్ష్మమ్మ మనసారా దీవించి రాస్తున్న ఉత్తరం. నువ్వూ, నీ ఒళ్లోని మా చిట్టితల్లీ, మీ అమ్మా నాన్నా అందరూ చల్లగా ఉండాలి. ఇక్కడ మేమందరం క్షేమం, ఒక్క మీ మామయ్య నోరు తప్ప. దాని సంగతి వరసలో వస్తుంది.

చేతిలో ఫోన్ పెట్టుకుని ఈ ఉత్తరాలేమిటని మీ అమ్మ నవ్వుతూ ఉంటుంది. నవ్వనీ. మీ మామయ్యకు చెవి మందగించినప్పటి నుంచి ఈ ఇంట్లో ఫోన్ అంటే స్పీకరే. మనిద్దరం మాట్లాడుకుంటుంటే వీధిలోవాళ్లు జవాబులు చెబుతున్నారు. పైగా నేను ఆదోని పక్క నుంచి వచ్చినదాన్ని, తెలుగులో చదువుకున్నదాన్ని. ఇక్కడ అందరూ తెలుగు మాట్లాడతారు, చదవడానికి కూర్చుంటే కన్నడమే. నా రాత చదివే మనిషి ఇన్నేళ్లకు నువ్వు దొరికావు. వంటింటి గడప మీద కూర్చుని నేర్చుకున్న అక్షరాలు బాలింతతనంలో మరిచిపోయావేమో చూద్దామని కూడా రాస్తున్నాను. చదివి మీవాళ్లకు వినిపించు. ఆదివారం నీ మొగుడు వస్తే వాడికీ వినిపించు, వివేక్‌కు తల్లి రాత చదవడం రాదు కదా.

మొన్న మంగళవారం సాయంత్రం నువ్వు ఫోన్ చేసినప్పుడు వెనక ఊరమ్మ జాతర డప్పులు వినిపించే ఉంటాయి. పాప పాలు బాగా తాగుతున్నదని చెప్పావు, దేశనూరులో చలి తగ్గిందని చెప్పావు, చివరికి గొంతు తగ్గించి ‘అత్తా, టీచరమ్మ ఉండాదా?’ అని అడిగావు. నేను ‘ఆఁ, ఉండాది లే’ అని పెట్టేశాను. అలా పెట్టేస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది. నిన్న మళ్లీ ఫోన్ చేశావు, కోడి మాట ఎత్తలేదు. అడిగితే ఏం వినాల్సి వస్తుందోనని ఊరుకున్నావని నాకు తెలుసు. అందుకే మొదటి నుంచీ అంతా రాస్తున్నాను. ఓపికగా చదువు, ముందే చివరి పేజీ తిప్పి చూడకు.

ఆ కోడి నీ పెళ్లి సామానుతో దిగిన రోజు నేను ఏమన్నానో నీకు గుర్తుండే ఉంటుంది. బీరువా దింపారు, మంచం దింపారు, ఆఖరున కారులోంచి నువ్వు బుట్ట పట్టుకుని దిగావు. బుట్టలోంచి ఒక తల బయటికి వచ్చి నన్ను ఎగాదిగా చూసింది. ‘ఏంది, బీరువాతో పాటు కోడిని గూడా ఇచ్చిరా మీవాళ్లు’ అన్నాను. మీ అవ్వ పొదిగించిన కోడిపిల్ల అనీ, చిన్నప్పటి నుంచి నీ చేతిలో మేసిందనీ నువ్వు చెప్పబోయావు, నేను వినకుండా లోపలికి వెళ్లాను. బుట్ట మూత తీయగానే అది వాకిలి అంతా తిరిగి, ప్రతి గదిలోకీ తొంగిచూసి, వంటింటి గడప దగ్గర మెడ వాల్చి నిలబడింది, బడిలో తనిఖీకి వచ్చినట్టు. అప్పుడే నువ్వు దానికి టీచరమ్మ అని పేరు పెట్టావు. తర్వాత దాని పిల్లలు, పిల్లల పిల్లలు పెరట్లో ఎన్ని తిరిగాయో. పోయిన ఎండాకాలం కొక్కెర తెగులు వచ్చి అన్నిటినీ తుడిచిపెట్టుకుపోతే మిగిలింది ఇదొక్కటే.

ఇక మొక్కు సంగతి. నీకు బీపీ పెరిగి బళ్ళారి ఆసుపత్రిలో మధ్యాహ్నం పూట హఠాత్తుగా లోపలికి తీసుకెళ్లారు కదా. వివేక్ మందుల చీటీ పట్టుకుని పైకీ కిందికీ తిరుగుతున్నాడు. నేను ఇనుప బెంచీ మీద కూర్చున్నాను. మీ మామయ్య నిలబడలేక, కూర్చోలేక, లోపల పొగాకు నమలనివ్వరు కాబట్టి నోరు కూడా ఊరుకోలేక, గోడవైపు తిరిగి చేతులు జోడించాడు. ‘ఊరమ్మ తల్లీ, నా కోడలు, బిడ్డ సుకంగా బయటపడితే మాఘంలో నీ జాతరకు మా యింట్లో గుడ్డు పెట్టే కోడిని తెచ్చి నీకిస్తా’ అని గట్టిగా మొక్కేశాడు. నర్సు వచ్చి ‘మెల్లగె మాతాడి’, మెల్లగా మాట్లాడండని కసిరి వెళ్లింది. ఈయనకు అదీ వినిపించలేదు, ఇంకోసారి మొక్కాడు.

మా యింట్లో గుడ్డు పెట్టే కోడి అంటే ఇంకేముంది, ఒక్క టీచరమ్మే. అనేటప్పుడు ఆయనకు ఆ సంగతి తట్టిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. ఇతరుల వస్తువు దేవతకు మొక్కుకోవడంలో ఆయన చేయి తిరిగిన మనిషి. మా పెళ్లయిన కొత్తలో నాకు జ్వరం వస్తే నా పుట్టింటివాళ్లు ఇచ్చిన పొట్టేలును మొక్కాడు. నాకు జ్వరం తగ్గింది, పొట్టేలు పోయింది, బంధువులంతా వచ్చి తిని వెళ్లారు.

అమ్మ దయవల్ల పాప పుట్టింది, నువ్వు కళ్లు తెరిచావు. మొక్కు సంగతి నీకు చెప్పినవాడు వివేక్. వాడి కడుపులో మాట నిలవదు. నువ్వు ఏడవలేదు, వద్దనలేదు. ‘అమ్మకు ఇచ్చిన మాట కదత్తా, కానీండి’ అని పాపవైపు తిరిగి పడుకున్నావు. మాట బాగానే ఉంది. ఆ పూట నాకు మాత్రం అన్నం దిగలేదు.

మన ఇంటి ఆచారం ఒకటి నీకు ఇంతవరకు చెప్పే అవసరం రాలేదు. మా అత్త నాకు చెప్పింది. ఊరమ్మకు ఇచ్చే జీవం ఇంట్లో పెరిగినదై ఉండాలి, ఇంటికి అక్కరకు వస్తున్నదై ఉండాలి. పాలు ఎండిపోయిన మేకను, గుడ్లు మానేసిన కోడిని తీసుకెళ్లి అమ్మ ముందు పెడితే అది మొక్కు తీర్చడం అనిపించుకోదు, ఇల్లు ఊడ్చుకోవడం అనిపించుకుంటుంది. బజారులో కొని తెచ్చినదీ పనికిరాదు. అందుకని జాతరకు ముందే పూజారి ఇంటికి వచ్చి చూస్తాడు. ఆయన ఔనన్నాకే ఆ జీవం అమ్మది.

నువ్వు దేశనూరు వెళ్లాక పొద్దున్నే గంప ఎత్తే పని నా మీద పడింది. కోళ్లంటే నాకు పడదని ఊరంతా తెలుసు, అయినా ఇంకెవరు ఎత్తుతారు? మొదట్లో అది మామూలుగానే గుడ్లు పెట్టింది. కార్తీకం దాటాక తగ్గాయి. తర్వాత అసలు లేవు. గూట్లో చెయ్యి పెడితే గడ్డి చల్లగా తగిలేది. ఆవిడ మాత్రం ఏమీ జరగనట్టు వాకిట్లోకి వచ్చి తన తనిఖీ తాను చేసుకునేది.

అందరికంటే ఎక్కువ కంగారు పడినవాడు మీ మామయ్య. మొక్కు చెడిపోతుందని ఆయన భయం. కోడి ఆరోగ్యం మీద ఆయనకు అంత శ్రద్ధ నేను ఏనాడూ చూడలేదు. సజ్జలు తెచ్చి వేశాడు, శనగచెక్క నానబెట్టి పెట్టాడు, దిష్టి తగిలిందని గంపకు మిరపకాయలు కట్టాడు. నాకు మోకాళ్లు నొప్పులని నెల రోజులు మొత్తుకుంటే ఒక మాత్ర తెచ్చిన మనిషి కాదు. ఎదురింటి హులిగెమ్మ పొలం నుంచి వస్తూ ఆగి, ‘అది పెడతానే ఉంటాదక్కా, యాడో బయట పెడతాండాది, ఎతకండి’ అంది. సరేనని వెతికాం. ట్రాక్టరు కింద చూశాం, గడ్డివామి చుట్టూ చూశాం, అటక మీద కూడా చూశాం. వివేక్ ఎప్పుడో పోగొట్టుకున్న చెప్పు దొరికింది, నా ఇత్తడి గరిటె దొరికింది, గుడ్డు దొరకలేదు. పాలబండి యల్లేష్ దాన్ని చేతుల్లోకి ఎత్తి బరువు చూసి, ‘కొవ్వు పట్టిందమ్మా, అన్నం తగ్గించండి’ అన్నాడు. ఆ మాట నాకు తగిలింది, ఎందుకంటే మిగిలిన అన్నం అంతా దానికే వేస్తున్నాను. కొవ్వు ఎక్కువైనా గుడ్లు తగ్గుతాయట. మర్నాటి నుంచి కొలిచి వేశాను, అయినా గుడ్డు లేదు. ఆవిడ నావైపు చూసే చూపులో మాత్రం తేడా వచ్చింది.

ఇంతలో గేదెకు సూది వేయడానికి పశువుల డాక్టరు వచ్చింది. కలబురగి పక్క పిల్ల. తెలుగు అర్థమవుతుంది, మాట్లాడితే కన్నడమే. ఆమె చేతులు కడుక్కుంటుంటే కోడిని తీసుకెళ్లి ముందు పెట్టాను. మీ మామయ్య పక్కనే నిలబడ్డాడు. ఆమె నవ్వకుండా, విసుక్కోకుండా కూర్చుని వివరంగా చెప్పింది. కోడిపిల్ల గుడ్డులోంచి బయటికి వచ్చేటప్పుడే దాని కడుపులో ఆ జన్మకు కావలసిన గుడ్ల విత్తనాలన్నీ ఉంటాయట, తర్వాత కొత్తవి పుట్టవట. మొదటి ఏడు, రెండో ఏడు జోరుగా పెడుతుంది. ఆపైన మధ్యలో ఖాళీలు పెరుగుతూ పోతాయి. గుడ్డు పెద్దదవుతుంది, పెంకు పలచబడుతుంది, తిన్న సున్నాన్ని పెంకులోకి పంపే ఓపిక ఒంటికి తగ్గుతుంది. విత్తనాలు అయిపోవడం కాదట, అవి కడుపులో ఇంకా చాలానే మిగిలి ఉంటాయి, వాటిని పండించే శక్తి సన్నగిల్లుతుంది. మన టీచరమ్మకు ఆరో ఏడు నడుస్తున్నది. మెడ దగ్గర ఈకలు ఊడి, నెత్తి మీద ఎర్రటి జుట్టు వాడిపోయి ఉన్నది. ఆమె దాని వీపు నిమిరి ‘వయస్సాయ్తల్ల అమ్మా’ అంది. ఆ ఒక్క మాట మీ మామయ్యకు స్పష్టంగా వినిపించింది. మొహం వేలాడేసుకుని గేదె దగ్గరికి వెళ్లిపోయాడు.

నాకు ఆ మాట వింటే బాధ వేయలేదు. వయసు వచ్చింది, ఆపేసింది, అంతే కదా. రోగం లేదు, దిష్టి లేదు, ఎవరి తప్పూ లేదు. గంపకు కట్టిన మిరపకాయలు విప్పి పప్పులో వేశాను.

తర్వాత ఊరమ్మ పూజారి హంపన్న వచ్చాడు. కోడిని చంకలో పెట్టుకుని వెనక వైపు ఎముకల మధ్య వేళ్లు పెట్టి చూశాడు. గుడ్డు పెట్టే కోడికి అక్కడ రెండు మూడు వేళ్లు పడతాయి, ఆపేసినదానికి దగ్గరపడతాయి. ‘ఇంద్రసేనప్పా, ఇది అమ్మకు పనికిరాదు. ఒక వేలు గూడా కష్టంగా పడతాండాది’ అన్నాడు. మీ మామయ్య ఇంకోసారి చూడమన్నాడు. ఆయన ఇంకోసారి చూశాడు, ఈసారి టీచరమ్మ ఆయన వేలు పొడిచింది. దానితో తీర్పు ఖాయమైంది.

అయితే మొక్కు మొక్కే కదా. మొక్కిన జీవం పనికిరాకపోతే, మొక్కినవాడు తనకు అక్కరకు వచ్చేది ఇంకొకటి పెట్టాలి. మీ మామయ్య కొబ్బరికాయలన్నాడు, పట్టుచీర అన్నాడు, ఒక బస్తా బియ్యం అన్నాడు. హంపన్న చాపమీద కూర్చుని నిదానంగా, ‘చీర నువ్వు కట్టుకుంటావా? బియ్యం నువ్వు వండుతావా? పొద్దున లేస్తానే నీ చెయ్యి దేనికి పోతాదో అది చెప్పప్పా’ అన్నాడు. ఆ సమయంలో మీ మామయ్య చెయ్యి చొక్కా జేబులోనే ఉంది, పొగాకు డబ్బీ మీద. హంపన్న అక్కడికే చూశాడు. హులిగెమ్మ అక్కడికే చూసింది. కోడి కూడా అక్కడికే చూసిందని నేను ప్రమాణం చేసి చెప్పగలను. నేను టీ పెడతానని లోపలికి వెళ్లాను, లేకపోతే బయట నవ్వేదాన్ని.

ఇక మొన్నటి మంగళవారం. మీ మామయ్య తలస్నానం చేసి, కొత్త పంచె కట్టుకుని, ఆ డబ్బీకి పసుపు కుంకుమ పెట్టి అమ్మ పాదాల దగ్గర ఉంచాడు. చెయ్యి వెనక్కి తీసుకోవడానికి కాస్త సమయం పట్టింది. ఆయన వయసులో అది చిన్న విషయం కాదు, నవ్వులాటకు రాస్తున్నాను గాని ఆ క్షణంలో ఆయన మీద నాకు చాలా గౌరవం కలిగింది. మొక్కు విడిచిన కోడికి కాలికి పసుపుదారం కట్టి, గుడి చుట్టూ తిప్పి, ఇంటికి తెచ్చి వదలాలి. బుట్ట నేనే పట్టుకున్నాను. అంత డప్పుల మోతలో అది బుట్టలోంచి తల బయటపెట్టి, వచ్చినవాళ్లందరికీ హాజరు వేస్తున్నట్టు అటూ ఇటూ చూసింది. పసుపుదారం కట్టిన కోడిని ఇక ఎవరూ కోయకూడదు. అది బతికినన్నాళ్లు బతుకుతుంది.

కాబట్టి నీ టీచరమ్మ ఉండాది, తల్లీ. నువ్వు ఫోన్ చేసినప్పుడు నా పక్కనే నూకలు తింటున్నది. మరి సంతోషంగా చెప్పకుండా ఎందుకు పెట్టేశావు అంటావేమో. అప్పుడే పొగాకు వదిలి వచ్చిన మనిషి ఎదురుగా కూర్చుని ఖాళీ జేబు తడుముకుంటుంటే, స్పీకరులో కోడి బతికిందని ఎలా సంబరపడను?

ఆయన నోటి సంగతి ఇదీ. సోంపు నములుతున్నాడు, లవంగాలు నములుతున్నాడు, అవి చాలక మమ్మల్ని నములుతున్నాడు. గడియారం ఆలస్యంగా తిరుగుతున్నదంటాడు. కాలువ నీళ్లు తన పొలానికి మాత్రమే నెమ్మదిగా వస్తున్నాయంటాడు. అయినా డబ్బీ ఊసు ఎత్తలేదు. పాపను ఉయ్యాలలో వేసిన తొట్టిల శాస్త్రం నాడు ఆయన ఎత్తుకుంటే పాప ఆ వాసనకు మొహం తిప్పేసి ఏడ్చింది చూడు, అది ఆయన మరిచిపోలేదు. నిన్న అద్దం ముందు నిలబడి అరచేతిలోకి ఊది వాసన చూసుకుంటుంటే నా కంటపడ్డాడు. ఈసారి పాప ఏడవదని నాకు నమ్మకం.

మిగతా విశేషాలు. రెండో పంట వరి పచ్చగా ఉంది. గేదె రేపో మాపో ఈనుతుంది. నీ గదికి సున్నం వేయించాను, కిటికీకి దోమల జాలీ పెట్టించాను. నువ్వు వేసిన మల్లెతీగ చిగుర్లు పెట్టింది. యల్లేష్‌తో ఈ ఉత్తరంతో పాటు బుట్టలో గుడ్లు పంపుతున్నాను, హులిగెమ్మ కోళ్లవని మీ అమ్మతో చెప్పు. ఉడకబెట్టుకుని తిను, బాలింతకు నాటుగుడ్డు మంచిది. మీ నాన్న జగదీశ్ అన్నకు, మీ అమ్మ వదినగారికి నా నమస్కారాలు. ఉగాదికి ముందే మంచిరోజు చూసి కబురు చేయమను, మేమే వచ్చి తల్లీబిడ్డలను తెచ్చుకుంటాం. ఈ ఇల్లు మీకోసం ఎదురుచూస్తున్నది. అది ఊరికే రాసే మాట కాదు, పొద్దుపోవడం లేదు నాకు.

ఇట్లు,
నీ మేలు కోరే అత్త,
నాగలక్ష్మమ్మ.

తా.క.: ఇక్కడితో గట్టిగా చదవడం ఆపెయ్యి. ఇంకా ఏముందని మీ అమ్మ అడిగితే, గేదెకు పెట్టే దాణా లెక్క అని చెప్పు.

డాక్టరు చెప్పినదాంట్లో పైన సగమే రాశాను. మీ మామయ్య గేదె దగ్గరికి వెళ్లిపోయాక ఆమె మిగతా సగం చెప్పింది. వయసు ఒక్కటే కారణం కాదట. చలికాలంలో పొద్దు తగ్గితే కోడి గుడ్లు ఆపుకుని, పాత ఈకలు రాల్చి కొత్తవి తెచ్చుకుంటుంది. ఈకలకూ గుడ్లకూ రెండింటికీ ఒకేసారి ఒంట్లో బలం చాలదు. ఆ రోజుల్లో వెనక ఎముకలు కూడా దగ్గరపడతాయి. కొత్త ఈకలు వచ్చి, పొద్దు పెరిగితే, ముసలిదైనా అప్పుడొకటి ఇప్పుడొకటి మళ్లీ పెట్టవచ్చు అంది. నేను విని తల ఊపాను. ఆమె బండి వీధి మలుపు తిరగకముందే హంపన్నకు కబురు పెట్టాను, కోడి బోసిగా ఉండగానే వచ్చి చూసిపొమ్మని. హులిగెమ్మకు ఇది తెలియదనుకోను, ఆమె పుట్టింది మొదలు కోళ్ల మధ్యే పెరిగింది.

జాతరకు ముందే టీచరమ్మకు ఈకలు వచ్చేశాయి. ఒకనాడు పెరట్లో పత్తికట్టె కుప్ప వెనక నుంచి బయటికి వస్తూ కనిపించింది. వంగి చెయ్యి పెడితే గుడ్డు. వెచ్చగా ఉంది. దొంగలా కొంగులో చుట్టుకుని నిలబడ్డాను. నీకు తెలుసా, ఆ వయసులో కూడా దానికి అంత నున్నటి పెంకు. ఇప్పుడు నీ బుట్టలో ఉన్నవి అవే. హులిగెమ్మ కోళ్లు ఈ మధ్య పొదుగుకు కూర్చున్నాయి.

అమ్మను మోసం చేశానని అనుకుంటావేమో. ఆ దినం ఆసుపత్రిలో మొక్కింది మీ మామయ్య ఒక్కడే కాదు. ఆయన గోడవైపు తిరిగి గట్టిగా మొక్కాడు, నేను బెంచీ మీద కూర్చుని నోట్లోనే మొక్కుకున్నాను. తల్లీ, నా కోడలిని నాకు ఇవ్వు, ఆమె ఇల్లు ఎలా వదిలి వెళ్లిందో అలాగే ఒక్క పుల్ల కదలకుండా ఆమె చేతికి అప్పగిస్తాను అన్నాను. అన్నాక తెలిసింది, ఒకే నోటితో ఆ తల్లి ఇద్దరికీ ఔనన్నదని. ఆయన మొక్కు తీరితే నాది చెడుతుంది, నాది తీరితే ఆయనది చెడుతుంది. ఇన్ని రోజులు దానితోనే సతమతమయ్యాను. చివరికి జాతర ముందు శుక్రవారం మధ్యాహ్నం గుడిలో ఎవరూ లేనప్పుడు వెళ్లి అంతా చెప్పేశాను. డాక్టరు మాటా చెప్పాను, పత్తికట్టె సంగతీ చెప్పాను. నీకు అది కావాలంటే ముందు వాకిట్లో, ఆయన కళ్లెదుట గుడ్డు పెట్టించు, నేను అడ్డం రాను అన్నాను. శనివారం కుప్ప వెనకే పెట్టింది. ఆదివారం పెట్టలేదు. సోమవారం మళ్లీ కుప్ప వెనకే. ఇంతకంటే ఆమె ఎలా చెబుతుంది?

ఇంకో మాట, ఇది మగవాళ్లు వినేది కాదు. నాకు నెల ఆగిపోయిన ఏడాది ఒళ్లు సెగలు పొగలుగా ఉండేది. ఊరికే కోపం, ఊరికే ఏడుపు. ఏమైందే అని ఈ ఇంట్లో ఒక్కరు అడగలేదు, నా నోటికి భయపడి తప్పుకుని తిరిగారు. అలాంటిది ఒక కోడి గుడ్డు మానేస్తే ఊరు ఊరంతా కారణం వెతికింది. మొదట నవ్వు వచ్చింది, తర్వాత దాని పక్కన కూర్చోవాలనిపించింది. ఈకలు ఊడిన రోజుల్లో అది మధ్యాహ్నం నీడలో వచ్చి నా చీర అంచు మీద కూర్చునేది. ఇద్దరం ఏమీ పని చేయకుండా చాలాసేపు కూర్చున్నాం. మళ్లీ పెట్టినా అవే ఆఖరి గుడ్లు కావచ్చని డాక్టరు ఆనాడే అంది. కానివ్వు. ఆ తర్వాత కూడా దానికి రోజూ నూకలు నేనే వేస్తాను.

నువ్వు కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు ఎవరితోనూ మాట్లాడేదానివి కాదు, గంప దగ్గర కూర్చుని దానితోనే మాట్లాడేదానివి. ఒకరోజు కిటికీలోంచి విన్నాను. ‘మా అత్తకు కోపం ఏం లేదు లేవే, ఆమె మొగమే అంత’ అని దానికి ధైర్యం చెబుతున్నావు. ఆ సంగతి అంతవరకు ఈ భూమ్మీద ఎవరూ కనిపెట్టలేదు, నన్ను కట్టుకున్నవాడితో సహా. ఆ రోజు నుంచి నువ్వు నా మనిషివి. ఎప్పుడూ చెప్పలేదు, ఇప్పుడు రాస్తున్నాను.

గుడ్డు పెంకులు పారేయకు. ఎండబెట్టి నలిపి యల్లేష్‌తో వెనక్కి పంపు, దానికి సున్నం కావాలి. మీ మామయ్య కనిపెడతాడని భయపడకు. పత్తికట్టె దగ్గర నుంచి కొంగులో గుడ్డు పెట్టుకుని ఆయన ముందు నుంచే నడిచి వస్తున్నాను. తలెత్తి నా మొహం చూస్తాడు, దేనికో కోపంగా ఉన్నాననుకుని, సోంపు నములుతూ తల అటు తిప్పుకుంటాడు.